స్ట్రాబెర్రీ తిన్న పది నిమిషాలకే పాప మూతి ఎర్రగా కందిపోతోంది, ఇది అలర్జీయేనా?

సందేహాల_అమ్మ
మా పాపకి తొమ్మిదో నెల నడుస్తోంది. ఆరు నెలలు నిండినప్పటి నుంచి పళ్లు పెడుతున్నాను. అరటిపండు, ఉడికించిన ఆపిల్ గుజ్జు, పియర్... దేనితోనూ ఇబ్బంది రాలేదు. మొన్న మొదటిసారి స్ట్రాబెర్రీ ముక్కలు చేతికిచ్చాను. నోట్లోకి వెళ్లినదాని కన్నా మొహానికి పూసుకున్నదే ఎక్కువ. పది నిమిషాలు కాలేదు, పెదవుల చుట్టూ, గడ్డం మీద ఎర్రగా కందిపోయింది. గడ్డం కింద చొంగ కారే చోట సన్నటి పొక్కులు కూడా కనిపించాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పాప మాత్రం హాయిగా ఆడుకుంటోంది. గంట తిరిగేసరికి అంతా పోయింది.

నిన్న కమలాపండు తొన ఒకటి చీకించాను. మళ్లీ అదే కథ. అత్తగారు "రెండేళ్లు వచ్చేదాకా ఏ పండూ ముట్టించకు" అంటున్నారు. మా ఆయనేమో "అనవసరంగా టెన్షన్ పడుతున్నావు" అంటారు. డాక్టర్ అపాయింట్‌మెంట్ నాలుగు రోజుల తర్వాతే దొరికింది. ఈలోపు ఏం చేయాలి? ఎవరి పిల్లలకైనా ఇలా అయిందా?

రెండోకాన్పు
ఎరుపు మూతి దగ్గరే ఉందా, ఒంటి మీద ఇంకెక్కడైనా వచ్చిందా? పొట్ట, వీపు చూశారా? వాంతి, దగ్గు లాంటివి ఏమైనా?

సందేహాల_అమ్మ
బట్టలు విప్పి మొత్తం చూశాను. మూతి చుట్టూ, ముక్క పట్టుకున్న కుడి చేతి వేళ్ల మీద కొంచెం. అంతే. వాంతి లేదు, దగ్గు లేదు.

కచ్చితం_నాన్న
నా మాట వినండి, పళ్లన్నీ ఆపేయండి. మీ అత్తగారు చెప్పిందే సరైనది. మా పెద్దాడికి రెండేళ్ల దాకా పుల్లటి పండు ఒక్కటి కూడా పెట్టలేదు. ఇప్పుడు ఏడేళ్లు, ఏ అలర్జీ లేదు. పండు లేకపోతే పిల్ల ప్రాణం పోదు కదా, ఎందుకు రిస్కు?

పిల్లల_వార్డు_నర్స్
పిల్లల వార్డులో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. మీ పాపను చూడకుండా ఇదీ అని తేల్చలేను. కానీ మీరు రాసినదాంట్లో ఒక మాట నాకు బాగా పట్టింది: "ముక్క పట్టుకున్న చేతి వేళ్ల మీద". అంటే రసం ఎక్కడ తగిలిందో అక్కడే కందింది.

స్ట్రాబెర్రీ, కమలా, అనాస, కివీ, టమాటా, ఇవన్నీ పులుపు ఎక్కువ ఉన్నవి. తొమ్మిదో నెలంటే పళ్లు వచ్చే వయసు, రోజంతా చొంగ కారుతూనే ఉంటుంది. తడిసి తడిసి గడ్డం దగ్గర చర్మం ముందే పలచబడి ఉంటుంది. దాని మీద పుల్లటి రసం పడితే మంట పుట్టి ఎర్రబడుతుంది. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థకి ఇందులో పనేమీ లేదు. కోసుకున్న వేలి మీద నిమ్మరసం పడితే మనకి చురుక్కుమంటుంది, అలాంటిదే ఇది.

అసలైన అలర్జీ తీరు వేరు. తిన్న కొన్ని నిమిషాల్లో, ఎక్కువలో ఎక్కువ రెండు గంటల్లోపు బయటపడుతుంది. రసం తగలని చోట కూడా, అంటే పొట్ట మీద, వీపు మీద, తొడల మీద, దోమ కుట్టినట్టు ఉబ్బెత్తుగా దద్దుర్లు లేస్తాయి. ఒకచోట తగ్గి ఇంకోచోట పుడతాయి. కనురెప్పలు, పెదవులు, చెవులు వాయొచ్చు. ఉన్నట్టుండి వాంతులు, ఆగని దగ్గు, పిల్లికూతల్లాంటి శబ్దం. వీటిలో ఏదైనా కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి.

ఈ నాలుగు రోజులకీ ఒకటే చెప్తాను. స్ట్రాబెర్రీ, కమలా పక్కన పెట్టండి. ఇంతకుముందు బాగా పడ్డ అరటి, ఆపిల్, పియర్ మాత్రం ఆపకండి. ఈసారి ఎర్రబడితే ఫోటో తీయండి, ఎన్ని నిమిషాలకి మొదలైంది, ఎంతసేపు ఉంది రాసుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి ఎరుపు పోయి ఉంటుంది, ఆ ఫోటోలే సాక్ష్యం.

వెన్నెల_కాపరి
కచ్చితం_నాన్న గారూ, మీ వాడికి అలర్జీ లేకపోవడానికి పళ్లు పెట్టకపోవడమే కారణమని ఎలా చెప్తారు? పెట్టినా వచ్చేది కాదేమో.

ఆలస్యంగా పెడితే మంచిదన్న మాట ఒకప్పుడు డాక్టర్లే చెప్పారు, నిజమే. 2000లో అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ, అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకి గుడ్డు రెండేళ్ల దాకా, వేరుశనగ, చేపలు మూడేళ్ల దాకా వద్దంది. ఎనిమిదేళ్లు తిరక్కుండానే, 2008లో, దానికి తగిన ఆధారం లేదని ఆ సలహా వెనక్కి తీసుకుంది. 2015లో లీప్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు) గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది పసిపిల్లల్లో కొందరికి ఏడాదిలోపే వేరుశనగ పెట్టడం మొదలుపెట్టారు, కొందరికి ఐదేళ్ల దాకా ఆపారు. మొదటినుంచీ తిన్నవాళ్లలో వేరుశనగ అలర్జీ దాదాపు 80 శాతం తక్కువ.

కచ్చితం_నాన్న
అది వేరుశనగ సంగతి. పళ్లకి ఎందుకు అంటగడుతున్నారు?

వెన్నెల_కాపరి
న్యాయమైన ప్రశ్నే. పళ్ల మీద అంత పెద్ద పరీక్ష జరిగిందని నేను అనను. కానీ పళ్లు ఆలస్యం చేస్తే అలర్జీ రాదని చూపించినవాళ్లు కూడా లేరు. రుజువు లేని భయానికి రెండేళ్లు పిల్ల నోరు కట్టేయడం నాకు నచ్చదు. ఈ వయసులో రుచి చూడని పండుని మూడేళ్లకి పెడితే మొహం తిప్పుకునే పిల్లల్ని చాలామందిని చూశాను.

నీలిమేఘం
సందేహాల_అమ్మా, ఎరుపు పెదవుల చుట్టూనేనా, చెంప మీద చారలాగా వస్తుందా? ఎందుకు అడుగుతున్నానంటే, మా బాబుకి ఆరో నెలలో ఏ పండు పెట్టినా నోటి మూల నుంచి చెవి దాకా ఎవరో కుంచెతో గీసినట్టు ఎర్రటి పట్టీ వచ్చేది. కుడి చెంప మీదే. నమలడం మొదలుపెట్టిన నిమిషానికి వచ్చి, అరగంటలో మాయం. దురద లేదు, ఉబ్బు లేదు. ద్రాక్ష పెడితే వచ్చేది, పీచ్ పెడితే వచ్చేది, మందు సిరప్‌కీ వచ్చేది. నేను ఎనిమిది రకాల పళ్లు మానిపించేశాను. అలర్జీ పరీక్ష చేయిస్తే అన్నీ నెగటివ్.

మూడో డాక్టర్ నా ఫోన్‌లో వీడియో చూసి ఒక్క ప్రశ్న వేశారు: "కాన్పులో ఫోర్సెప్స్ వాడారా?" వాడారు, బిడ్డ తల పట్టుకుని బయటికి లాగే పట్టకారు లాంటి పరికరం అది. అప్పుడు చెప్పారు, దీన్ని ఫ్రే సిండ్రోమ్ అంటారట. 1923లో లూచియా ఫ్రే అనే పోలండ్ వైద్యురాలు వివరంగా రాశారు కాబట్టి ఆమె పేరు. చెవి ముందు నుంచి వెళ్లే నరం ఒకటి నలిగి, మళ్లీ అతుక్కునేటప్పుడు దారి తప్పుతుందట. లాలాజలం ఊరించాల్సిన సంకేతం చెంప మీది రక్తనాళాలకి వెళ్తుంది. నోరూరించే పండు ఏది పెట్టినా చెంప ఎర్రబడుతుంది. ప్రమాదం ఏమీ లేదు, మందు అక్కర్లేదు, ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. మా వాడికి ఇప్పుడు నాలుగేళ్లు, జాగ్రత్తగా చూస్తే తప్ప కనిపించదు.

మానిపించిన ఎనిమిది పళ్లనీ ఆ సాయంత్రమే ఒక్కొక్కటిగా తెచ్చి పెట్టాను. పీచ్ పండు రెండు చేతులతో పట్టుకుని, రసం మోచేతుల దాకా కారుతుంటే వాడు తిన్న తీరు చూసి ఏడుపు ఆగలేదు నాకు.

గోరుముద్ద
నీలిమేఘం గారూ!! నోటి మూల నుంచి చెవి దాకా పట్టీ! మా పాపకి అచ్చంగా ఇదే, రెండు చెంపల మీదా. పది నెలలుగా మాకెవరూ ఈ పేరు చెప్పలేదు. రేపే వీడియో తీస్తాను.

నీలిమేఘం
రెండు చెంపలా కూడా వస్తుందట. ఫోర్సెప్స్ వాడకపోయినా రావచ్చన్నారు. వీడియో తీసి తప్పకుండా డాక్టర్‌కి చూపించండి, నా మాట మీద తేల్చేసుకోవద్దు.

సందేహాల_అమ్మ
మా పాపకి చార కాదండి, పెదవుల చుట్టూ మరకలాగా. కానీ ఇలాంటిది ఒకటి ఉందని మొదటిసారి వింటున్నాను.

బుజ్జిగాడి_నాన్న
ఇక్కడ అందరూ చర్మం గురించే మాట్లాడుతున్నారు. మా వాడికి చర్మం మీద ఒక్క మచ్చ రాలేదు, అయినా ఐసీయూ దాకా వెళ్లాం. అందుకే రాస్తున్నాను.

ఏడో నెల. పండు అరటిపండే. మొదటిసారి రెండు చెంచాలు తిన్నాడు, ఏమీ కాలేదు. వారం తర్వాత సగం పండు పెట్టాం. తిని పడుకున్నాడు. రెండు గంటలకి లేచి వాంతి. మళ్లీ వాంతి. మళ్లీ. చివరికి పసరు తప్ప ఏమీ రాలేదు. తర్వాత మొహం పాలిపోయి, పిలిస్తే పలక్కుండా తోటకూర కాడలా నా భుజం మీద వాలిపోయాడు. ఆసుపత్రికి పరిగెత్తాం. ఇన్ఫెక్షన్ అన్నారు, సెలైన్ పెట్టారు, మర్నాటికి మామూలైపోయాడు. మేమూ అదే అనుకున్నాం. నెల తర్వాత మళ్లీ అరటిపండు పెట్టాం. మళ్లీ సరిగ్గా రెండు గంటలకి అదే, ఈసారి ఇంకా ఘోరంగా.

రెండుసార్లూ మధ్యాహ్నం ఏం తిన్నాడో మా ఆవిడ డైరీలో రాసి ఉంది. ఆ డైరీ వల్లే దొరికింది. దీన్ని ఎఫ్‌పైస్ అంటారు. ఇది కూడా ఆహార అలర్జీయే, కానీ పేగుల్లో జరిగేది. దద్దుర్లు ఉండవు. తిన్న ఒకటి నుంచి నాలుగు గంటల మధ్య వాంతులు మొదలవుతాయి. చర్మం మీద గుచ్చి చేసే పరీక్ష, రక్తంలో ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీని చూసే పరీక్ష రెండూ సాధారణంగా నెగటివే వస్తాయి. పాలు, సోయా, ఓట్స్, బియ్యంతో ఎక్కువ వస్తుంది, పళ్లలో అరటి, అవకాడోతో కూడా వస్తుందని చెప్పారు.

మొదటి_అడుగులు
అరటిపండా? లోకంలో అందరూ మొదట పెట్టే పండే అది! నేను ఈ పొద్దునే పెట్టాను, ఇప్పుడు గుండె దడదడలాడుతోంది.

బుజ్జిగాడి_నాన్న
భయపెట్టాలని రాయలేదండి. చాలా అరుదు. లక్షణంగా తింటున్న పిల్లలకి మానిపించకండి. "తిన్న రెండు గంటలకి వరసగా వాంతులు, వాలిపోవడం" అన్న మాట మాత్రం గుర్తుంచుకోండి. అది రెండోసారి కనిపిస్తే ఏం తిన్నాడో డాక్టర్‌కి మీరే చెప్పండి, వాళ్లు అడగకపోయినా. మా వాడికి మూడేళ్లు దాటాక ఆసుపత్రిలోనే కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా అరటిపండు తినిపించి చూశారు. ఏమీ కాలేదు. ఇప్పుడు ఇంట్లో మాకు మిగలనివ్వడు.

మొదటి_అడుగులు
మూడు గంటలైంది, నవ్వుతూ పాకుతోంది. అమ్మయ్య.

కివీ_తర్వాత
పదేపదే "మూతి దగ్గరే కదా, ఏం కాదు" అనే ధోరణి చూస్తుంటే ఊరుకోలేకపోతున్నాను. మా పాప పద్నాలుగో నెలలో మొదటిసారి కివీ తింది. మొదట మూతి చుట్టూనే ఎర్రబడింది. పులుపు కదా అనుకుని తుడిచాను. ఐదు నిమిషాల్లో నాలుక బయటపెట్టి గోళ్లతో గీక్కోవడం మొదలుపెట్టింది. ఏడుపు మారిపోయింది, బొంగురుగా, కుక్క మొరిగినట్టు. కళ్లు వాచి మూసుకుపోతున్నాయి. వాంతి చేసుకుంది. తర్వాత ఒక్కసారిగా నిద్ర ముంచుకొచ్చినట్టు మత్తుగా అయిపోయింది. ఆ మత్తే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అంబులెన్స్‌లో తొడ బయటివైపు ఎపినెఫ్రిన్ (అడ్రినలిన్) సూది ఇచ్చారు. నా చేతిలోనే, పది నిమిషాల్లోపే, పెదవులకి రంగు తిరిగొచ్చింది. అలాంటి మందు ఒకటుందని ఆ రోజు దాకా నాకు తెలియదు.

పళ్ల అలర్జీ అంటే కాస్త దురద అనుకుంటారు చాలామంది. కివీతో చిన్నపిల్లలకి తీవ్రమైన రియాక్షన్ కూడా రావచ్చు. ఇప్పుడు మా ఇంట్లో ఒకటి, ప్రీస్కూల్ బ్యాగులో ఒకటి ఆటో ఇంజెక్టర్, అంటే ఆ మందు ముందే నింపి ఉన్న సూది, ఎప్పుడూ ఉంటుంది.

కచ్చితం_నాన్న
చూశారా. అందుకే ఆపమన్నాను.

కివీ_తర్వాత
లేదండి, నేను ఆపమనడం లేదు. కివీ ఒక్కటి తప్ప మా పాప అన్ని పళ్లూ తింటుంది. ఏం జరిగితే ఏం చేయాలో తెలిసి ఉండాలి అంటున్నాను. కొత్త పండు పెట్టేటప్పుడు పొద్దున పూట, పిల్ల ఒంట్లో బాగున్న రోజు, కొంచెం పెట్టి చూడండి. రాత్రి నిద్రకి ముందు వద్దు. ఒక రోజు ఒక్క కొత్తదే.

ఇద్దరు_మగపిల్లలు
ఇంట్లో అలర్జీ సిరప్ ఉంచుకుంటే చాలదా? మా వాడికి దద్దుర్లు వస్తే అదే పోస్తాం, తగ్గిపోతుంది.

పిల్లల_వార్డు_నర్స్
ఈ ప్రశ్న అడిగినందుకు థాంక్స్. నేను వార్డులో చూసే పెద్ద పొరపాటు ఇదే. యాంటీహిస్టమిన్ సిరప్ దురదనీ దద్దుర్లనీ తగ్గిస్తుంది. మూసుకుపోతున్న గొంతుని తెరవలేదు, పడిపోతున్న బీపీని నిలబెట్టలేదు. ఊపిరి ఇబ్బంది, బొంగురు ఏడుపు, మత్తు, పాలిపోవడం, లేదా దద్దుర్లతో పాటు ఆగని వాంతులు... ఇక్కడ మందు ఎపినెఫ్రిన్ ఒక్కటే. కిలో బరువుకి 0.01 మిల్లీగ్రాము లెక్కన డాక్టర్ నిర్ణయిస్తారు. సిరప్ పోసి పావుగంట చూద్దాం అనుకుంటే ఆ పావుగంటే విలువైనది.

ఇంకొకటి. అలాంటప్పుడు పిల్లని భుజాన వేసుకుని నిటారుగా పరిగెత్తకండి. పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచండి, వాంతి అవుతుంటే పక్కకి తిప్పండి. ఊపిరి అందకపోతే మాత్రం కూర్చోబెట్టి పట్టుకోండి. తగ్గిపోయాక కూడా కొన్ని గంటలు ఆసుపత్రిలో ఉంచుతారు, ఎందుకంటే రెండో విడత రావచ్చు. "బాగానే ఉంది కదా, ఇంటికెళ్తాం" అని గొడవ పెట్టకండి.

చిట్టిచేతులు
పరీక్షల గురించి ఒక చేదు అనుభవం. మా బాబుకి ఎగ్జిమా ఎక్కువ. పళ్ల వల్లేమో అని ఒక ల్యాబ్‌లో పెద్ద ప్యాకేజీ చేయించాం. తొంభై రకాల ఆహారాలు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గడులతో అందమైన రిపోర్టు. ఎరుపులో ఇరవై మూడు. ఆపిల్, అరటి, గోధుమ, పాలు, గుడ్డు, అన్నీ. నాలుగు నెలలు అవన్నీ మాన్పించాం. ఎగ్జిమా తగ్గలేదు, బాబు బరువు తగ్గాడు. పక్కటెముకలు లెక్కపెట్టేలా అయ్యాయి. అలర్జీ డాక్టర్ ఆ రిపోర్టు చూసి "ఇది ఐజీజీ పరీక్ష, ఐజీఈ కాదు, వేరే రకం యాంటీబాడీ. దీనితో అలర్జీ తెలియదు. తిన్న ఆహారానికి ఐజీజీ ఉండటం మామూలే" అన్నారు. యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే దీన్ని చేయించవద్దని చెప్పిందట. నాకు ఇప్పటికీ ఆ నాలుగు నెలలు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

వెన్నెల_కాపరి
బాబు ఇప్పుడెలా ఉన్నాడు?

చిట్టిచేతులు
అన్నీ తింటున్నాడు. బరువు పుంజుకున్నాడు. ఎగ్జిమాకి చర్మానికి చేయాల్సింది చర్మానికే చేస్తున్నాం, స్నానం అవ్వగానే తడి ఆరకముందే మందంగా మాయిశ్చరైజర్. పగిలిన చర్మం గుండా ఆహారం లోపలికి వెళ్తే అలర్జీ పుట్టే అవకాశం పెరుగుతుందని డాక్టర్ చెప్పారు. ఎగ్జిమా ఉన్న పిల్లలకి మూతి దగ్గర చర్మం కాపాడటం అందుకే ముఖ్యం అన్నారు.

పిల్లల_వార్డు_నర్స్
ఐజీఈ పరీక్షకి కూడా హద్దులున్నాయి. పాజిటివ్ వస్తే ఒంట్లో ఆ పండుకి యాంటీబాడీలు ఉన్నాయని మాత్రమే అర్థం. తింటే రియాక్షన్ వస్తుందని కాదు. ఇబ్బంది లేకుండా తింటున్న పండుని కాగితం చూసి మాన్పించకూడదు. పళ్లకి ఇంకో చిక్కు, సీసాలో వచ్చే పరీక్ష ద్రావణంలో కొన్ని పళ్ల ప్రోటీన్ నిలవదు. అందుకే చాలాచోట్ల తాజా పండునే తెమ్మంటారు, సూది పండులో గుచ్చి అదే సూదితో చర్మం మీద గుచ్చుతారు. చివరికి తేల్చేది డాక్టర్ ఎదురుగా తినిపించి చూడటమే.

మూడో_తరగతి_అమ్మ
మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. ఆపిల్ తినేటప్పుడల్లా "అమ్మా, ఆపిల్ నన్ను కరుస్తోంది" అనేది. తినడం ఇష్టం లేక వంకలు పెడుతోందనుకుని రెండు మూడుసార్లు కోప్పడ్డాను. ఒకరోజు అద్దం ముందు నోరు తెరిచి పెదవి లోపల చూపించింది. నీటిబుడగల్లా ఉబ్బి ఉంది. క్షమించమని అడిగాను దాన్ని.

దానికి వసంతంలో తుమ్ములు, కళ్ల దురద ఉంటాయి. బర్చ్ చెట్టు పుప్పొడి అలర్జీ. ఆ పుప్పొడిలోని ప్రోటీన్, ఆపిల్‌లోని ప్రోటీన్ దాదాపు ఒకే పోలికతో ఉంటాయట. ఒళ్లు దాన్ని చూసి ఇదే అనుకుంటుంది. పీచ్, చెర్రీ, పచ్చి క్యారెట్ కూడా ఇదే బాపతు. ఆ ప్రోటీన్ వేడికి నిలవదు. ఉడికించిన ఆపిల్, కేకులో ఆపిల్ హాయిగా తింటుంది.

రెండోకాన్పు
అయితే మూతి కందే పిల్లలందరికీ ఉడికించి పెడితే సరిపోతుందా?

మూడో_తరగతి_అమ్మ
అలా అనుకోవద్దని మా డాక్టర్ గట్టిగా చెప్పారు. పీచ్ తొక్కలో ఎక్కువగా ఉండే ఇంకో రకం ప్రోటీన్ ఉందట, ఎల్‌టీపీ అంటారు. అది ఉడికించినా చావదు, కడుపులో యాసిడ్‌కీ లొంగదు. దానికి అలర్జీ ఉన్నవాళ్లకి రియాక్షన్ నోటితో ఆగకపోవచ్చు. ఏ రకమో తేలాకే ఉడికించే సలహా. పైగా పుప్పొడి రకం సాధారణంగా కాస్త పెద్ద పిల్లల్లో, పెద్దవాళ్లలో కనిపిస్తుంది. తొమ్మిది నెలల పాపకి అదే అనుకోవడం కష్టం.

తోటమాలి_తాత
మనవరాలికి మామిడిపండు తిన్న రెండో రోజు మూతి చుట్టూ పొక్కులు, దురద, పుండు కట్టింది. తిన్నరోజు ఏమీ లేదు కాబట్టి పండు మీద ఎవరికీ అనుమానం రాలేదు. తొక్కతో సహా టెంక చీకనిచ్చాం. తొక్కలో, సొనలో ఉండే జిడ్డు పదార్థం చర్మానికి తగిలితే కొందరికి ఒకటి రెండు రోజులకి ఇలా అవుతుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు నేనే తొక్క తీసి, చేతులు కడుక్కుని, ముక్కలు కోసి పెడుతున్నాను. ఏమీ కావడం లేదు. జీడిమామిడి, పిస్తా కూడా మామిడి కుటుంబమే అని గుర్తుంచుకోండి, అనుమానం ఉంటే డాక్టర్‌కి చెప్పండి.

బెలూన్_వద్దు
చిన్న విషయం. మా బాబుకి పుట్టుకతో వెన్నుపూస సమస్య, రెండేళ్లు నిండేలోపు ఐదు ఆపరేషన్లు. బెలూన్ ఊదితే పెదవులు వాచేవి, ఆ తర్వాత అవకాడో తింటే కూడా. రబ్బరు పాలలోని ప్రోటీన్‌కి అలర్జీ ఉన్నవాళ్లకి అరటి, అవకాడో, కివీ, చెస్ట్‌నట్‌తో రావచ్చట. ఎక్కువ ఆపరేషన్లు అయిన పిల్లలుంటే ఈ సంగతి డాక్టర్‌కి గుర్తు చేయండి.

ఇద్దరు_మగపిల్లలు
పైన సిరప్ ప్రశ్న అడిగింది నేనే. నర్స్ గారి జవాబు చదివాక మా వాడిని చూపించాం. మామిడిపండు తిన్న రోజు ఒళ్లంతా దద్దుర్లు లేచాయని నాలుగు నెలలుగా మాన్పించాం. డాక్టర్ అడిగారు, ఆ వారం జలుబు, జ్వరం ఉన్నాయా అని. ఉన్నాయి. పిల్లలకి దద్దుర్లు రావడానికి వైరస్ ఇన్ఫెక్షన్లే ఎక్కువసార్లు కారణమట, అవి రోజుల తరబడి వస్తూ పోతూ ఉంటాయి. మా వాడికి మూడు రోజులు అలాగే ఉన్నాయి. కాకి వాలింది, తాటిపండు పడింది అన్నట్టే అయింది. క్లినిక్‌లోనే మామిడి ముక్క తినిపించి గంటన్నర కూర్చోబెట్టారు. చొక్కా తప్ప ఏమీ రంగు మారలేదు.

గోరుముద్ద
హహ, చొక్కా!

రసం_సంగతి
అలర్జీ కాకపోయినా పళ్లతో కడుపు చెడే పిల్లలున్నారు. మా పాపకి రోజూ నీళ్ల విరేచనాలు, ఆపిల్ అలర్జీ అనుకున్నాం. తీరా చూస్తే రోజుకి మూడు గ్లాసుల ఆపిల్ జ్యూస్ తాగుతోంది. అంత ఫ్రక్టోజ్, సార్బిటాల్ (పళ్లలో ఉండే చక్కెర లాంటి పదార్థాలు) చిన్న పేగు పీల్చుకోలేక వచ్చిన విరేచనాలట. జ్యూస్ ఆపాక వారంలో తగ్గింది, ఆపిల్ ముక్కలు మామూలుగా తింటోంది. ఏడాది లోపు జ్యూస్ అసలు వద్దని, ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకి రోజుకి 120 మిల్లీలీటర్లు మించొద్దని అమెరికా అకాడమీ 2017లో చెప్పింది.

పిల్లల_వార్డు_నర్స్
దీనికి ఒకటి కలుపుతాను. పళ్లు, పంచదార మొదలుపెట్టిన దగ్గర్నుంచి పిల్ల వాంతులు చేసుకుంటూ, చెమటలు పట్టి, వణుకుతూ, బరువు పెరగకుండా ఉంటే అది అలర్జీ కాకపోవచ్చు. ఫ్రక్టోజ్‌ని అరిగించుకోలేని జన్యులోపం ఒకటి ఉంది. అరుదు, కానీ కాలేయం దెబ్బతింటుంది. ఈ పిల్లలు తీపి అంటేనే పారిపోతారు. అలా ఉంటే ఆలస్యం చేయొద్దు.

కివీ_తర్వాత
ప్రీస్కూల్‌లో చేర్చేవాళ్లకి: ప్యాకెట్ మీద "అలర్జీ కారకాలు" అని లావు అక్షరాల్లో ఉండేవాటి మీదే ఆధారపడకండి. యూరప్‌లో తప్పనిసరి జాబితాలో 14 ఉన్నాయి, వాటిలో కివీ లేదు, అరటి లేదు, ఆపిల్ లేదు. జపాన్‌లో మాత్రం కివీ, అరటి, పీచ్, ఆపిల్, కమలా పేర్లు రాయమని సూచిస్తారు. పదార్థాల జాబితా మొత్తం చదవాల్సిందే. మా పాప స్మూతీలో "పళ్ల మిశ్రమం" అని చూస్తే కింద పెట్టేస్తాను.

సందేహాల_అమ్మ
డాక్టర్‌ని కలిసి వచ్చాం. మీరందరూ చెప్పినట్టు ఫోటోలు, సమయాలు రాసుకుని వెళ్లాను. ఆవిడ మొదట అడిగింది రెండోకాన్పు గారి ప్రశ్నే, "ఒంటి మీద ఇంకెక్కడైనా?" అని. తర్వాత పాప గడ్డం కింద మడత తెరిచి చూశారు. అక్కడ చొంగకి చర్మం ఒరిసిపోయి ఉంది, నేనే సరిగ్గా చూడలేదు. రసం తగిలి కందడమే అన్నారు. పరీక్షలేమీ రాయలేదు. తినిపించే ముందు మూతి చుట్టూ పెట్రోలియం జెల్లీ పలచగా రాయమన్నారు, తిన్నాక రుద్దకుండా నీళ్లతో ఒత్తి తుడవమన్నారు. ఏయే లక్షణాలకి వెంటనే తీసుకురావాలో కాగితం మీద రాసిచ్చారు. అది ఫ్రిజ్ తలుపుకి అతికించాను. కివీ_తర్వాత గారూ, రాస్తున్నంతసేపూ మీరే గుర్తొచ్చారు.

ఈ పొద్దున జెల్లీ రాసి, స్ట్రాబెర్రీ మెత్తగా నలిపి చెంచాతో పెట్టాను. గడియారం ముందు పెట్టుకుని రెండు గంటలు చూశాను. పై పెదవి మీద చిన్న గులాబీ మరక, ఇరవై నిమిషాల్లో పోయింది.

పిల్లల_వార్డు_నర్స్
మంచి కబురు. గడ్డం కింద మడత ఆరే దాకా కమలా ఆపండి.

రెండోకాన్పు
అత్తగారు ఏమన్నారు?

సందేహాల_అమ్మ
ఏమీ అనలేదు. ఆ కాగితం రెండుసార్లు చదివారు. రెండో చెంచా ఆవిడే పెట్టారు.

కచ్చితం_నాన్న
థ్రెడ్ మొత్తం చదివాను. మా చిన్నదానికి ఎనిమిదో నెల. ఇంకా ఏ పండూ మొదలుపెట్టలేదు. పియర్ ఉడికించి పెట్టాలా, పచ్చిదే నలిపి పెట్టొచ్చా?

వెన్నెల_కాపరి
బాగా పండినదైతే పచ్చిదే చెంచాతో గీకి పెట్టండి. గట్టిగా ఉంటే ఉడికించండి, గొంతులో అడ్డుపడకుండా. పొద్దున పూట మొదలుపెట్టండి.